పదమూడో గుమ్మం

జగ్గయ్యపేటలో మా చిన్నప్పటి వీధి బాగా వాలు. చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని ఎరగనివాళ్లు లేరు. ముక్త్యాల వైపు నుంచి మిరప బస్తాలతో వచ్చే బండ్లు ఆ వాలు ఎక్కేటప్పుడు ఇద్దరు మనుషులు వెనక భుజం ఆనించి నెట్టేవాళ్లు. దిగేటప్పుడు ఒకడు చేతిలో రాయి పట్టుకుని చక్రం పక్కనే నడిచేవాడు. పై చివర నుంచి కింది చివరకు నా చిన్నప్పటి అడుగులతో నాలుగు వందల పన్నెండు. మొన్న నడిస్తే రెండు వందల తొంభై ఒకటి వచ్చాయి.

నేనిప్పుడు నందిగామలో ఉంటున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్లకు తలుపులకూ కిటికీలకూ ఎంత కలప పడుతుందో లెక్క రాసిస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. ఈ లెక్కలు ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నవి కావు. ఎన్నోసార్లు తప్పు చేసి, దిద్దుకుంటూ నేర్చుకున్నవి. మొన్న పేటలో కింది బజారులో ఒక ఇంటి కొలతలకు వెళ్లాల్సి వచ్చింది. బస్సు దిగి, ఆటో వద్దనుకుని, తలుపులు చూసుకుంటూ వాలు దిగాను.

రెండు వైపులా కలిపి ముప్పై ఎనిమిది ఇళ్లు. పాత తలుపులు నాలుగే మిగిలాయి. ఒకదానికి ఆకుపచ్చ రంగు ఎంత దట్టంగా వేశారంటే చెక్కిన చిలకలు వానపాముల్లా కనబడుతున్నాయి. మిగతావన్నీ ఇనప షట్టర్లు, స్టీలు గేట్లు, నున్నటి ఫ్లష్ డోర్లు. సగం దూరం దిగాక ఒక గోడ దగ్గర ఆగిపోయాను. రోడ్డు మీంచి మూడు నల్లరాతి మెట్లు పైకి వెళ్లాయి. మూడో మెట్టు ఎక్కితే ఎదురుగా గోడే. సున్నం పెచ్చులూడిన చోట ఇటుకల వరసలు తెలుస్తున్నాయి. అక్కడొక గుమ్మం ఉండేది. అది మూయించింది నేనే.

మా నాన్న వడ్రంగి. వీధిలో వాళ్లను పేర్లతో కాక తలుపులతో గుర్తుపెట్టుకునేవాడు. ఏనుగుల తలుపువాళ్లు, చిలకల తలుపువాళ్లు, పగులు గడపవాళ్లు. పొద్దున్నే నాన్నతో కలిసి నేనూ దిగేదాన్ని. వీధి చివర ఆయన పనికి వెళ్తే నేను బడికి. దారిలో ఒక్కో తలుపు ముందు ఆగేవాళ్లం.

“ఇది చూడు. పైకమ్మి మీద లక్ష్మీదేవికి రెండు పక్కలా ఏనుగులు. ఎడమ ఏనుగు తొండం కాస్త పొట్టి. చెక్కినాయన చెయ్యి అక్కడ తడబడింది,” అనేవాడు నాన్న.

నేను తొండాలు చూసేదాన్ని కాదు. ఇత్తడి బొడిపెలు లెక్కపెట్టేదాన్ని. ఏనుగుల తలుపుకు అరవై నాలుగు. ఒకటి ఊడిపోయి అరవై మూడు. చిలకల తలుపుకు చిలకలు పద్నాలుగు, వాటి కళ్లు పద్నాలుగు, ఎందుకంటే అన్నీ పక్కకే చూసేవి.

అప్పటి వీధికి ఒక వాసన ఉండేది. పై చివర ఇంగువ, మధ్యలో బెల్లం, కింది చివర చింతపండు, ఎండుమిర్చి. కళ్లు మూసుకుని నడిచినా ఎంత దూరం దిగానో చెప్పగలిగేదాన్ని. సెలవు రోజుల్లో పిల్లలం పై చివరకు చేరి నిమ్మకాయ వదిలేవాళ్లం. అది ఎన్ని గుమ్మాలు దాటి ఆగుతుందో పందెం. ఒకసారి ఇరవై మూడు గుమ్మాలు దాటి, ఒకాయన వరండాలో గడ్డం గీయించుకుంటుంటే ఆయన నీళ్లగిన్నెలో పడింది. ఆయన సగం సబ్బు మొహంతో మా వెంట పడ్డాడు. పరిగెత్తుతూ కూడా ఇరవై మూడు అన్న అంకె మర్చిపోకుండా గట్టిగా అనుకుంటూనే ఉన్నాను.

ఇక నేను చెప్పే ఇల్లు. అది బెల్లం, చింతపండు టోకున అమ్మే శెట్టిగారిది. వాలు వెంబడి పొడుగ్గా ఉండే ఇల్లు. లోపల నేల సమంగానే ఉంటుంది గానీ బయట వీధి దిగిపోతుంది కాబట్టి, ఒకే గోడకు ఉన్న మూడు గుమ్మాలకు మెట్ల సంఖ్య వేరు. పైన సింహద్వారానికి ఒక మెట్టు. మధ్యలో చిన్న గుమ్మానికి మూడు. కింద ఎప్పుడూ మూసి ఉండే ఒంటి రెక్క తలుపుకు ఏడు.

మధ్య గుమ్మం మామ్మగారిది. ఆవిడ శెట్టిగారి అన్నగారి భార్య. అన్నగారు పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. ఇంటివాళ్లంతా ఆవిణ్ణి ఆ గుమ్మం వెనక గదిలో ఉంచేశారు. ఆవిడకు ఆ గుమ్మమే లోకం. పొద్దున్నే గడపకు పసుపు రాసి, మంచినీళ్ల కుండ పక్కన పెట్టుకుని కూర్చునేది. వాలు ఎక్కేవాళ్లకు సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊపిరి ఆగిపోయేది. నెత్తిన గంప ఉన్న ఆడవాళ్లు ఆ మూడు మెట్ల మీద దించుకునేవాళ్లు. మామ్మగారు నీళ్లిచ్చేది, మాటలు తీసుకునేది.

“ఏమ్మా, మీ ఊళ్లో పత్తి పూతకొచ్చిందా? మీ ఆడబిడ్డ కాపరానికి వెళ్లిందా, ఇంకా అలిగే ఉందా?”

“వెళ్లిందండి మామ్మగారూ. తీసుకెళ్లడానికి వాళ్లాయనే వచ్చాడు.”

“వస్తాడు, రాక చస్తాడా. నీళ్లు తాగు.”

మా బడిపిల్లలకు చిన్న బెల్లం ముక్క, ఒక మాట. నన్ను చూస్తే, “ఏమే లెక్కల పిల్లా, ఇవాళ నా మెట్ల మీద ఎంతమంది కూర్చున్నారో చెప్పు?” అనేది. నేను చెప్పేదాన్ని. ఒకరోజు నలభై ఒకరు.

ఆ నలభై ఒకరూ ఇంట్లోవాళ్లకు నచ్చేవారు కాదు. శెట్టిగారి భార్య సింహద్వారంలో నిలబడి, “అక్కయ్యగారి సత్రం నిండిందా?” అని వినబడేట్టు అనేది.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఆ ఇంటికి వరసగా దెబ్బలు తగిలాయి. గరికపాడు దగ్గర వాళ్ల లారీ బోల్తా పడింది. పెద్దకోడలికి రెండోసారి కూడా కడుపు నిలవలేదు. శెట్టిగారు సొంత నడవలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఇంటికి ఏదో దోషం ఉందని ఎవరో అన్నారు. ముందు గుమ్మాలు లెక్కపెట్టుకోండి, సరిసంఖ్య ఉండాలి, చివర సున్నా రాకూడదు, పది ఇరవై పనికిరావు, బేసి అసలే వద్దు అని చెప్పారు.

ఆ రోజు నాన్న వానకు ఉబ్బిపోయిన సింహద్వారానికి చిత్రిక పడుతున్నాడు. బడి లేదు కాబట్టి నేనూ పక్కనే ఉన్నాను. లోపల పెద్ద గొడవ.

“పదకొండు,” అన్నాడు పెద్దకొడుకు.

“పద్నాలుగు. రోజూ గడపలు కడిగేది నేనా నువ్వా?” అంది శెట్టిగారి భార్య.

“అలమర తలుపులు కూడా కలిపావేమో.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అలమరకి గడప ఉంటుందిరా?”

శెట్టిగారు కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చారు. “ఆచారీ, నువ్వైనా చెప్పవయ్యా. నా ఇంటికి గుమ్మాలెన్నో ఇంట్లో ఒక్కరికీ తెలీదు.”

నాన్న చిత్రిక ఆపకుండానే, “నేనెందుకండీ, మా అమ్మాయి ఉందిగా. లెక్క విషయంలో దాని నోట తప్పు రాదు,” అన్నాడు.

ఆ మాటకు నేను ఒక జానెడు పొడుగు పెరిగాను. సుద్దముక్క అడిగి తీసుకున్నాను. నా పద్ధతి నాకుంది. ఎదురైన ప్రతి తలుపు మీదా, నాకు కనబడ్డ వైపు, నా తల ఎత్తున అంకె వేయడం. అంకె ఉన్నదాన్ని మళ్లీ లెక్కపెట్టను. సింహద్వారం ఒకటి. నడవలోంచి హాలుకు రెండు. శెట్టిగారి గది మూడు. కోడళ్ల గదులు నాలుగు, అయిదు. దేవుడి గదికి స్నానం చేసిన వాళ్లే రావాలన్నారు, దూరం నుంచి చూసి ఆరు అనుకుని, సుద్ద శెట్టిగారి భార్య చేతికిచ్చి వేయించాను. వంటగది ఏడు. కొట్టుగదిలోకి వెళ్లే గుమ్మం ఎనిమిది. కొట్టులో చీకటి. చింతపండు బస్తాల చాటున, బిగుసుకుపోయి రాని ఒక తలుపు ఉంది. సందులో దూరి తొమ్మిది వేశాను. పెరట్లోకి అనుకున్నాను. మామ్మగారి గదిలోకి పది, ఆవిడ వీధి గుమ్మం పదకొండు. పెరటి గుమ్మం పన్నెండు.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఒకసారి చేసిన లెక్కను రెండోవైపు నుంచి చూసుకోవడం నాకు అలవాటు. వీధిలోకి వెళ్లి గోడ వెంట దిగాను. సింహద్వారం తెరిచే ఉంది, ఒకటి కనబడుతోంది. మామ్మగారి తలుపు తెరిచే ఉంది, పదకొండు కనబడుతోంది. కింద ఏడు మెట్ల తలుపు మూసి ఉంది. దాని మీద ఏ అంకె లేదు. రోజూ చూసే తలుపే, అంత ఎత్తులో ఉంటే అది వేరే ఏదో గదిది అనుకున్నాను. దొరికింది అనుకుంటూ ఏడు మెట్లూ ఎక్కి పదమూడు వేశాను.

లోపలికి పరిగెత్తుకొచ్చి, “పదమూడండి,” అన్నాను.

అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఇన్నాళ్ల కష్టానికి కారణం దొరికిందన్న సంతోషం లాంటిది. ఏవేవి అని ఒక్కరూ అడగలేదు. శెట్టిగారు మాత్రం వెంటనే, “అయితే వదినగారి వీధి గుమ్మం మూసేద్దాం. పన్నెండవుతాయి,” అన్నారు. నాన్న చిత్రిక ఆగింది. మళ్లీ మొదలైంది.

బుధవారం తాపీ మేస్త్రీ వస్తాడని సోమవారానికల్లా వీధంతా తెలిసిపోయింది. పైనుంచి కిందికి నేను నడుస్తుంటే, “ఈ పిల్లేనట, శెట్టిగారింటి దోషం పట్టిచ్చింది,” అని వేళ్లు చూపించారు. మామ్మగారి మెట్ల దగ్గరకొచ్చేసరికి నాకు అవతలి పక్క నడవాలనిపించింది. ఆవిడ పిలిచింది. “ఇదిగో బెల్లం. అలా చూడకే. ఉన్న మాట చెప్పావు.” నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అవును, ఉన్న మాటే కదా చెప్పాను.

మంగళవారం సాయంత్రం బడి నుంచి ఎక్కి వస్తున్నాను. ఏడు మెట్ల ముందు లారీ ఆగి ఉంది. హమాలీలు బస్తాలు మోస్తున్నారు. ఎప్పుడూ మూసి ఉండే ఆ తలుపు ఆ రోజు పలుగుతో తెరిచినట్టున్నారు, సగం తెరుచుకుని ఉంది. దాని మీద నా పదమూడు. ఈ గదిలో ఏముంటుందో చూద్దామని మెట్లెక్కాను. లోపల చీకటి, చింతపండు వాసన. బస్తాలు. ఆ వాసన నాకు తెలుసు, ఆ చీకటీ తెలుసు. రెక్క వెనక్కి తొంగిచూశాను.

తొమ్మిది.

నా చేతిరాతే. కింద తోక కాస్త వంకరగా తిరిగిన తొమ్మిది. ఒకే చెక్కకు ఒక వైపు తొమ్మిది, ఒక వైపు పదమూడు.

“అడ్డం లే పాపా,” అన్నాడు హమాలీ. బస్తా నా భుజానికి రాసుకుంటూ వెళ్లింది. నేను కదల్లేదు. వేళ్ల మీద మొదటి నుంచీ మళ్లీ లెక్కపెట్టాను. పన్నెండు. ఇంకోసారి. పన్నెండే. ఆ ఇంటికి దోషం లేదు. రేపు మామ్మగారి గుమ్మం మూస్తే అప్పుడొస్తుంది దోషం, పదకొండు.

అమ్మ ఆ సాయంత్రం ఉలవచారు కాచింది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నాన్న ఎదురుగా కూర్చుని, “మేస్త్రీ కూడా అడిగాడే నీ సంగతి. ఆచారి కూతురికి బుర్ర భలే ఉందన్నాడు,” అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తూ నేను ఎలా చెప్పను? లెక్క విషయంలో దాని నోట తప్పు రాదు అని ఆయన నలుగురిలో అన్న మాట నా చెవుల్లో మోగుతూనే ఉంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరికీ తెలీదు. ఆ తలుపు ఏడాదికి రెండుసార్లు తెరుస్తారు. సుద్ద వానకు పోతుంది. పడుకోబోయే ముందు అనుకున్నాను, పొద్దున్న చెప్తాను అని. పొద్దున్న లేచాక అనుకున్నాను, పళ్లు తోముకున్నాక అని. నాన్న సంచీలో ఉలులు సర్దుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో ఉలి పెట్టాక చెప్పేశాను.

“నాన్నా, పదమూడు కాదు. పన్నెండే. కొట్టు తలుపు రెండుసార్లు లెక్కపెట్టా.”

నాన్న ఆరో ఉలి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“శెట్టిగారు ఊరంతా చెప్పుకున్నాడే. ఇప్పుడు తప్పంటే…” మాట ఆపేశాడు. ఉలి సంచీలో పెట్టాడు. మళ్లీ తీశాడు. తిడతాడేమోనని నేను గోడకు అంటుకుపోయాను. “మేస్త్రీ పని మొదలెట్టే ఉంటాడు. పద,” అన్నాడు.

ఆ రోజు ఆ వాలు దిగినంత కష్టంగా ఇంకెప్పుడూ దిగలేదు. నాన్న ఎన్నడూ లేనంత వేగంగా నడిచాడు. ఏ తలుపు ముందూ ఆగలేదు. మేం వెళ్లేసరికి మామ్మగారి గుమ్మంలో నాలుగు వరసల ఇటుక లేచింది. మేస్త్రీ తాపీతో మాలు పరిచి అయిదో వరస పెడుతున్నాడు. తీసేసిన తలుపు గోడకు ఆనించి ఉంది, దాని మీద నా పదకొండు. ఆ ఇటుకల వెనక, గదిలో పీట మీద కూర్చున్న మామ్మగారి తల, భుజాలు కనబడుతున్నాయి.

శెట్టిగారు వీధిలోనే నిలబడి పని చూస్తున్నారు. నాన్న చేతులు కట్టుకుని, “అయ్యా, మా అమ్మాయి లెక్క తప్పింది. మీ ఇంటికి గుమ్మాలు పన్నెండే,” అన్నాడు.

శెట్టిగారు కోప్పడలేదు. అది ఇంకా భయం వేసింది. “చూపించు,” అన్నారు నాతో.

నేను ముందు, ఆయన వెనక. ప్రతి తలుపు దగ్గరా ఆగి ఆయన ఎడమచేత్తో అంకె తాకారు. కొట్టులో తొమ్మిది తాకారు. తర్వాత బయటికొచ్చి, ఏడు మెట్లు నెమ్మదిగా ఎక్కి, పదమూడు తాకారు. అప్పుడు నా మొహంలోకి చూశారు. ఇంట్లోవాళ్లందరూ మామ్మగారి గుమ్మం ముందు చేరారు.

“పన్నెండు మంచి సంఖ్యేగా అండి. గోడ తీయించేయండి. ఆ తలుపు నేను మళ్లీ బిగించి పెడతా,” అన్నాడు నాన్న.

“కొబ్బరికాయ కొట్టి మొదలెట్టాం. కట్టిన గోడ పగలగొడతారా ఎక్కడైనా? ఉన్నది చాలక ఇంకో అరిష్టమా?” అంది శెట్టిగారి భార్య.

పెద్దకొడుకు నా వైపు తిరిగాడు. “ఇది మూస్తే ఎన్ని?”

“పదకొండు.”

“ఇంకోటి కూడా మూస్తే?”

“పది. చివర సున్నా వస్తుంది.” నాకు గొంతులో కొంచెం బలం వచ్చింది. లెక్క నా పక్షాన ఉంది. “ఎనిమిది కావాలంటే ఇంకో మూడు మూయాలండి.”

ఇంకో మూడు ఏవి అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిన్నకోడలు తన గది వైపు చూసింది. శెట్టిగారు ఏడు మెట్ల కొట్టు వైపు చూశారు. మేస్త్రీ తాపీ పైకెత్తి పట్టుకుని ఆగాడు. ఇక వేరే దారి లేదు, గోడ తీయాల్సిందే అనుకున్నాను.

అప్పుడు పెద్దకోడలు మెల్లగా, “మామయ్యగారూ, వంటింట్లోంచి పెరట్లోకి గుమ్మం లేదు కదండీ. ప్రతి బిందెకీ నడవంతా చుట్టి తిరుగుతున్నాం. అక్కడ కొత్తది పెట్టిస్తే?” అంది.

పదకొండూ ఒకటీ పన్నెండు. నేను చెప్పకముందే అందరికీ వచ్చింది.

శెట్టిగారి మొహం విచ్చుకుంది. “బాగుందమ్మా. ఆచారీ, వంటింటి గోడకి కొలతలు తీసుకో. మంచి టేకు చూడు.”

నాన్న వెంటనే కదల్లేదు. సగం లేచిన గోడ వైపు చూశాడు. ఇటుకల వెనక నుంచి మామ్మగారి గొంతు వినబడింది.

“మేస్త్రీ, మాలు ఎండిపోతోంది. కానివ్వు.”

మేస్త్రీ అయిదో వరస పెట్టాడు. నాన్న సంచీలోంచి టేపు తీశాడు. దాని రెండో కొస పట్టుకున్నది నేనే.

ఆ తలుపు నాన్న చేసిన వాటిల్లో చాలా మంచిది. పైకమ్మికి మామిడి పిందెలు, నిలువు కమ్ములకు తీగ. పిందెలు ఇటు తొమ్మిది, అటు తొమ్మిది. పని చేస్తున్నన్ని రోజులూ నాన్న నాతో తలుపుల గురించి మాట్లాడలేదు. లెక్క తప్పినందుకు తిట్టనూ లేదు. ఒకసారి మాత్రం ఉలి నూరుతూ, “నేను టేపు తీయకుండా ఉండాల్సింది,” అన్నాడు, నాతో కాదు.

ద్వారబంధం నిలబెట్టిన రోజు ఇంటినిండా మనుషులు. గడపకు పసుపు, కుంకుమ, మామిడాకులు. చలిమిడి, పానకం, వడపప్పు పంచారు. యాలకుల వాసన వీధిలోకి కొట్టింది. మామ్మగారు తన గదిలోనే ఉంది. శుభకార్యాలకు ఆవిణ్ణి పిలవరు. శెట్టిగారు నన్ను ముందుకు రమ్మని, అందరూ వినేలా, “చెప్పమ్మా, ఇప్పుడు మన ఇంటికి గుమ్మాలెన్ని?” అన్నారు.

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఒక్క అబద్ధం ఆడాలనిపించింది. ఏ అంకె అయినా సరే.

“పన్నెండు,” అన్నాను.

చప్పట్లు కొట్టారు. చలిమిడి నా చేతిలో రెండోసారి పెట్టారు.

మర్నాడు సింహద్వారంలోంచి, నడవలోంచి మామ్మగారి గదికి వెళ్లాను. అలా చుట్టూ తిరిగి ఆవిడ దగ్గరకు వెళ్లడం అదే మొదటిసారి. పట్టపగలు బల్బు వెలుగుతోంది. కొత్త గోడ ఇంకా చెమ్మ వాసన వేస్తోంది. ఆవిడ దాని వైపు వీపు పెట్టి కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది.

“ఎవరే?”

“నేనండి.”

“లెక్కల పిల్లవా. మా తోటికోడలు రానిచ్చిందా?”

“కాళ్లు కడుక్కుని వెళ్లమన్నారు.”

“అంతేనా. గంప నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లు కాళ్లెక్కడ కడుక్కుంటారు, లోపలికెక్కడ వస్తారు.” కాసేపు పప్పు ఏరింది. గోడ అవతల ఎవరో ఆయాసపడుతూ గంప దించుకున్న చప్పుడైంది. మామ్మగారి చేతులు ఆగాయి. అవతలివాళ్లు ఒక నిమిషం ఊపిరి తీసుకుని వెళ్లిపోయారు.

“నా మీద కోపంగా ఉందా మామ్మగారూ?”

“నీ మీద దేనికి? పదమూడనుకున్నావు, పదమూడన్నావు. పన్నెండని తెలిసింది, పరిగెత్తుకొచ్చి చెప్పావు. ఆ పని పెద్దవాళ్లు చేయలేరు.” ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. “ఒకటి అడుగుతా చెప్పు. పదమూడన్నప్పుడు, అందులో ఏది మూయాలో నిన్నెవరైనా అడిగారా?”

“లేదండి.”

“అడిగితే ఏది చెప్పేదానివి?”

నాకు అలవాటైన పనే కాబట్టి మనసులో మొదటి నుంచీ మొదలెట్టాను. ఒకటి, సింహద్వారం. అది మూయరు. రెండు, హాలు. మూడు, శెట్టిగారిది. నాలుగు, పెద్దకోడలు ఊరుకోదు. అయిదు, చిన్నకోడలు పుట్టింటికి వెళ్లిపోతుంది. ఆరు, దేవుడు. ఏడు, పొయ్యి. ఎనిమిది, తొమ్మిది, సరుకు. పది మూస్తే మామ్మగారికి అన్నం ఎటు నుంచి వస్తుంది? పన్నెండు, పెరట్లో నుయ్యి. పదకొండు దగ్గరికొచ్చి ఆగిపోయాను. ఆ ఒక్క గుమ్మం గురించి వద్దని గట్టిగా అనేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. పదమూడు వచ్చినా, పన్నెండు వచ్చినా, నూరు వచ్చినా, ఆ లెక్క అక్కడికే వచ్చి ఆగుతుంది.

మామ్మగారు నా మొహం చూసింది.

“వచ్చిందా?” అంది.

తల ఊపాను.

“ఎవరికీ చెప్పకులే,” అని చేట మళ్లీ అందుకుంది.

ఆ తర్వాత ఎన్నో ఇళ్ల లెక్కలు రాశాను. కొన్ని తప్పాయి, దిద్దాను, దిద్దినవాటికి ఎవరూ నన్నేమీ అనలేదు. ఆ రోజు ఆ గదిలో, పగటి బల్బు కింద, పదేళ్ల వయసులో నేను వేసిన లెక్క మాత్రం మొదటిసారికే సరిగ్గా వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మొదటి నుంచీ వేసి చూసినా పదకొండు దగ్గరే ఆగుతుంది.